ఐదున్నర శ్రుతిలో తిరిగిన ఫ్యాన్లు

మా ఇంట్లో ప్రతి యంత్రానికీ ఒక గుడ్డ ఉంది. ఫ్రిజ్ మీద పూలంచు గుడ్డ, మిక్సీకి కుచ్చుల సంచి, వాషింగ్ మెషీన్‌కి జిప్పున్న తొడుగు. టీవీ గోడకెక్కి పలకలా పలచబడ్డాక దాని మీద గుడ్డ నిలవక జారిపోతుంటే, కొన్నాళ్ళు రెండు మేకులు కొట్టి మరీ తెర కట్టారు. కొత్త వస్తువు ఇంటికి వస్తే మొదట పసుపు కుంకుమ, తర్వాత ముసుగు. ఈ వరస ఎవరూ ఎవరికీ నేర్పరు. కృష్ణా జిల్లాలో నేను చూసిన ఇళ్ళలో చాలావరకు ఇంతే.

అందువల్ల కంప్యూటరు వచ్చిన రోజున నా భార్య దాని క్యాబినెట్ మీద తెల్లదారంతో అల్లిన గుడ్డ కప్పినప్పుడు అందులో వార్తేమీ కనిపించలేదు. నాలుగు మూలలా కుచ్చులు వేలాడే గుడ్డ. పెట్టెకు పైభాగాన జల్లెడలాగా సన్నని చిల్లులు ఉన్నాయి. గుడ్డ సరిగ్గా వాటి మీదే పడింది. దుమ్ము వెళ్ళే దారి మూసేశానని ఆమె అనుకుంది.

ఆ కంప్యూటరు నా కోసం కొన్నది కాదు. పత్రికలో డెస్కు పని నుంచి దిగిపోయాక నా రాతకోతలకు పాత ల్యాప్‌టాప్ సరిపోతోంది. ఇది ఆమె పాట కోసం వచ్చింది.

ఆమె బడిలో సంగీతం టీచరుగా చేసి రిటైరైంది. ఉద్యోగంలో ఉన్నప్పుడూ, మానేశాకా కూడా ఆదివారం వస్తే తెల్లారే బస్సెక్కి కూచిపూడి వెళ్ళేది. అక్కడ ఒక పెద్దావిడ దగ్గర నాట్యం నేర్చుకునే పిల్లలకు పాడేది. పెద్దావిడ తాళం వేస్తే ఈమె పాడేది, పిల్లలు ఆడేవాళ్ళు. ఏ చరణాన్ని ఎన్నిసార్లు తిప్పాలో, ఎక్కడ కాస్త సాగదీసి పిల్లకు అడుగు అందుకునే వ్యవధి ఇవ్వాలో ఈమె గొంతుకు అలవాటు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి చీర నిండా బస్సు దుమ్ము, గొంతు నిండా అలసట ఉండేవి. మిరియాల పాలు తాగి పడుకునేది. మళ్ళీ ఆదివారం ఎప్పుడొస్తుందా అన్నట్టు ఉండేది వారమంతా.

ఆ ఏడు ఎండలు ముదరకముందే ఆమె మెడ మీద చిన్న వాపు కనిపించింది. థైరాయిడ్‌లో గడ్డ అన్నారు. ప్రమాదమేమీ లేదు, కాని తీసెయ్యాలి. డాక్టరుగారు నెమ్మదస్తులు. గొంతుకు సంబంధించిన నరం ఆ గడ్డ పక్కనుంచే వెళుతుందని కాగితం మీద బొమ్మ గీసి చూపించారు.

"మాట్లాడటానికి ఇబ్బంది ఉండదమ్మా," అన్నారు.

"పాడటానికండీ?"

"మీరు పాడతారా?"

"పాడతానండీ."

ఆయన పెన్నుకు మూత పెట్టారు. "పైస్థాయి కొంత తగ్గొచ్చు. తగ్గకపోనూవచ్చు. ముందే చెప్పలేమండీ." తర్వాత, ఆపరేషన్ దాకా గొంతును అలుపు పెట్టవద్దని, పొద్దున పూట కాసేపు మాత్రం పాడుకోమని చెప్పారు.

ఆటోలో వస్తూ బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి ఆగినప్పుడు ఆమె, "ఆసుపత్రికి వెళ్ళేలోపు అన్నీ పాడి పెట్టేస్తాను," అంది. కూచిపూడి పిల్లలకు పాడే పాటలన్నీ అని నాకు తెలుసు. 

ఆమె తమ్ముడికి ఆ సర్కిల్‌కి దగ్గరలోనే ఒక కాంప్లెక్సు సెల్లారులో కంప్యూటర్ల దుకాణం ఉంది. విడిభాగాలు తెప్పించి, జోడించి ఇస్తాడు. అక్క కోసం జోడించి తెచ్చిన పెట్టెను లిఫ్టులోంచి దింపుతుంటే మా వాచ్‌మన్ పెళ్ళి లైటింగు సామానేమో అనుకున్నాడు. ఒక పక్కంతా గాజు. ముందు మూడు ఫ్యాన్లు, పైన రెండు, వెనక ఒకటి. స్విచ్చి వేస్తే అవి ఎరుపులోంచి నీలంలోకి, నీలంలోంచి పచ్చలోకి మారుతూ తిరిగాయి.

"ఒరేయ్, ఇది పాటల రికార్డింగుకా, రికార్డింగ్ డాన్సులకా?" అంది ఆమె.

"గేమింగ్ క్యాబినెట్ అక్కా. ఇంతకన్నా గాలి ఆడేది నా దగ్గర లేదు. బెజవాడ ఎండకి ఆమాత్రం ఉండాలి."

"ఇన్ని ఫ్యాన్లు మా ఇల్లంతా వెతికినా లేవు కదరా."

"అందుకే మీ ఇంట్లో బావగారు ఎప్పుడూ చొక్కా విప్పి కూర్చుంటారు."

రికార్డింగుకు చిన్న గది కుదిరింది. దేవుడి అలమర అందులోనే ఉంది. కిటికీ తెరిస్తే సర్వీసు రోడ్డు, పక్క ఖాళీ స్థలంలో కడుతున్న అపార్టుమెంటు. అక్కడ గ్రానైటు కోసే మిషను మొదలవకముందే, రోడ్డు మీద హారన్లు లేవకముందే ఆమె పని ముగించాలి. పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, సాంబ్రాణి వేసి, కిటికీ మూసి, పైనున్న ఫ్యాను ఆపి బల్ల ముందు కూర్చునేది. బల్ల మీద మైకు. బల్ల కింద నేల మీద, గోడకు ఆనించి, గుడ్డ కప్పుకున్న పెట్టె.

మొదటి వారాలు బాగానే గడిచాయి. రికార్డు చేయడం, నచ్చనిది చెరిపేయడం, రెండు ముక్కలను అతకడం నేర్చుకుంది. అప్పటికి ఉగాది వెళ్ళిపోయింది. ఎండ ఎక్కువైంది. ఇక అసలు పని మొదలుపెడతాను అంది.

కూచిపూడి నాట్యంలో 'శబ్దం' అని ఒక అంశం ఉంటుంది. కథ చెప్పే సాహిత్యమూ, అడుగులకు జతులూ కలిసి నడిచే పాట అది. ఆమె మొదట దాన్నే తీసుకుంది. నేను బయట హాల్లో పేపరు చదువుతున్నాను. పాట సగం దాటి పై షడ్జం మీద నిలిచింది. సరిగ్గా అప్పుడే లోపల ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా హోరెత్తి, ఠక్కుమని ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఆమె మరో రెండు అక్షరాలు పాడి ఆపింది.

తెర నల్లగా ఉంది. పాడింది ఎక్కడా దాచుకోలేదు ఆ యంత్రం. ఆ పూటకు గొంతు కూడా అయిపోయింది. మళ్ళీ పాడాలంటే మర్నాడే.

తమ్ముడికి ఫోను చేసింది.

"ఒరేయ్, శబ్దం మధ్యలో ఆగిపోయింది."

"ఆగితే మంచిదేగా అక్కా. ఫ్యాన్లు సౌండు చేస్తున్నాయని మొన్నేగా తిట్టావు?"

"ఆ శబ్దం కాదురా. నా శబ్దం."

"నాకు అర్థమయ్యేలా చెప్పక్కా," అన్నాడు.

మర్నాడూ అంతే. ఆ పై రోజు ఇంకా ముందే ఆగింది. రోజూ కాసేపే పాడగలిగే మనిషికి ఒక పొద్దు పోయిందంటే తిరిగి రాదు. ఆపరేషన్ తేదీ మాత్రం తన దారిన తను దగ్గరికి వస్తోంది. ఆమె ఎవరినీ విసుక్కోలేదు. ఆగిపోయిన ప్రతిసారీ లేచి వెళ్ళి వంటింట్లో గోరువెచ్చని నీళ్ళు తాగేది. గ్లాసు గట్టు మీద పెట్టే చప్పుడు మాత్రం మామూలు కన్నా కొంచెం గట్టిగా వినిపించేది.

తమ్ముడు వచ్చి బల్ల కిందికి వంగి చూశాడు.

"అక్కా, దీనికి స్వెట్టర్ తొడిగావేంటి?"

"దుమ్ము పడుతుందని."

"ఎండాకాలం నీకు దుప్పటి కప్పి, కిటికీలు మూసి పడుకోబెడితే ఎట్టా ఉంటుంది?"

"నేను రోజూ ఆ గదిలో అట్టాగే కూర్చుని పాడుతున్నాను. నేనేమన్నా ఆగిపోతున్నానా?"

అతను గుడ్డ తీసి, గాజు పలక విప్పాడు. రంగురంగుల దీపాల కింద అంతా బూడిద రంగు నూగు. ఫ్యాన్ల రెక్కలకు, మధ్యలో ఉన్న చల్లార్చే రేకులకు, తీగల మలుపులకు దూదిలా పట్టి ఉంది. వేలితో తీస్తే జిడ్డుగా సాగింది. రోడ్డు దుమ్ము, గ్రానైటు పొడి, పోపు నూనె ఆవిరి, సాంబ్రాణి పొగ కలిసి ఒక ముద్దయ్యాయి.

"గుడి వాసన వస్తోంది బావగారూ," అన్నాడు నాతో.

"గుడ్డ కప్పినా ఇంత దుమ్ము ఎక్కణ్ణించి వచ్చిందిరా?" అంది ఆమె.

"బెజవాడ అక్కా. ఇక్కడ దుమ్ము రాదు, పుడుతుంది."

పెట్టెను బాల్కనీలోకి మోసుకెళ్ళి బ్లోయరుతో ఊదాడు. బూడిద మేఘంలా లేచి, నింపాదిగా కిందికి దిగింది. కింది ఫ్లాటు ఆవిడ గొంతు వినిపించింది. "ఏంటండీ ఇది, మా వడియాల మీద!" నా భార్య పిట్టగోడ మీంచి వంగి, "మా తమ్ముడండీ, కంప్యూటరు తూర్పారబడుతున్నాడు," అని చెప్పి క్షమాపణగా నవ్వింది. తర్వాత ఆ వడియాలకు బదులు ఒక డబ్బా గుమ్మడి వడియాలు కిందికి వెళ్ళాయి.

డెస్కులో ఉండగా ఆ మాట నా చేతి కింద నుంచి లెక్కలేనన్నిసార్లు వెళ్ళింది. ఎవరో ఒకరు ఎవరో ఒకర్ని తూర్పారబట్టని రోజు పేపర్లో ఉండేది కాదు. మాట పొడవుగా ఉంటుంది, శీర్షికలో ఖాళీ నింపుతుంది. అక్కాతమ్ముళ్ళిద్దరూ డెల్టాలో వ్యవసాయం ఇంట పుట్టినవాళ్ళు కాబట్టి వాళ్ళకు ఆ మాట అంటే కళ్ళంలో చేట ఎత్తి ధాన్యం గాలికి జారవిడవడం. గింజ కాళ్ళ దగ్గర పడుతుంది, పొల్లు గాలి వాలున కొట్టుకుపోతుంది. నాకు అది తిట్టు, వాళ్ళకు అది పని.

గుడ్డ తీసేశాక, దుమ్ము ఊదేశాక కంప్యూటరు కొన్ని పొద్దులు నిలిచింది. ఆమె ఒక శబ్దం, రెండు దరువులు పూర్తిచేసింది. పాత్ర ప్రవేశించేటప్పుడు పాడే పాటను దరువు అంటారు. మూడో దరువు సగంలో ఉండగా మళ్ళీ హోరు, మళ్ళీ నలుపు. గాజులోంచి చూస్తే నూగు మళ్ళీ పట్టడం మొదలుపెట్టింది. గుడ్డ లేదు, ఊది ఎన్నాళ్ళో కాలేదు, అయినా.

కారణం అగరొత్తి చూపించింది. ఆ రోజు సాంబ్రాణి అయిపోయి ఆమె అగరొత్తి వెలిగించి బల్ల పక్కన గూట్లో గుచ్చింది. పొగ నిటారుగా లేచి, కాస్త ఎత్తుకు వెళ్ళాక వంగి, పాయలా కిందికి దిగి, పెట్టెకు పెన్‌డ్రైవ్ పెట్టే చిల్లులోకి దూరిపోతోంది. ఆమె చూసి నన్ను పిలిచింది. ఇద్దరం చూశాం. ఆమె అగరొత్తి చేతిలోకి తీసుకుని పెట్టె చుట్టూ నెమ్మదిగా తిప్పింది. గాజు పలక అంచున సందులోకి పొగ పోతోంది. వెనక తీగలు గుచ్చే చిల్లుల్లోకి పోతోంది. అడుగున సందులోకి పోతోంది. ఫ్యాన్లు ఉన్న చోట మాత్రం, ముందూ పైనా వెనకా, పొగ చెదిరి బయటికి కొట్టుకొస్తోంది.

తమ్ముడు తలుపు తోసుకుని వచ్చేసరికి ఆమె అలాగే తిప్పుతోంది.

"హారతి కూడా ఇచ్చేస్తున్నావా అక్కా? అంత బతిమాలక్కర్లేదు, బాగుచేస్తాను."

"ఇటు రా. ఫ్యాన్లన్నీ బయటికే ఊదుతున్నాయి చూడు."

"మరి వేడి బయటికేగా పోవాలి? వంటింట్లో ఎగ్జాస్టు ఫ్యాను లోపలికి తిప్పి పెట్టుకుంటామా?"

"వంటింటికి తలుపుంది కదరా గాలి రావడానికి. దీనికి తలుపేది?"

అతను అగరొత్తి తీసుకుని తనూ ఒకసారి తిప్పి చూశాడు. తర్వాత పీట లాక్కుని కూర్చుని తల గోక్కున్నాడు. ముందు ఫ్యాన్లను అలా బిగించడానికి ఇంకో కారణం కూడా ఉందని అప్పుడు చెప్పాడు. ప్రతి ఫ్యానుకూ రెండు ముఖాలు. నున్నగా, అందంగా ఉండే వైపు నుంచి గాలి పీల్చుకుంటుంది. పుల్లలూ స్టిక్కరూ ఉండే వైపు నుంచి వదులుతుంది. ముందు ఫ్యాన్లు లోపలికి ఊదాలంటే వాటి పుల్లలు గాజులోంచి కనబడతాయి. కొనేవాళ్ళకు అది నచ్చదు. అందుకని వెనక్కి తిప్పి, అందమైన ముఖం లోపలికి పెట్టి బిగించడం అలవాటైపోయింది.

"పెళ్ళిచూపులకు పెట్టినట్టు పెట్టావన్నమాట," అంది ఆమె.

"అందరూ గాజులోంచే చూస్తారక్కా. పొగ పెట్టి చూసిందానివి నువ్వొక్కదానివే."

ఆ పూట పని గట్టిగా జరిగింది. ముందున్న మూడు ఫ్యాన్లనూ విప్పి లోపలికి ఊదేలా తిప్పారు. వెనక ఒకటి, పైన వెనకవైపున్నది ఒకటి బయటికి వదిలేలా ఉంచారు. పైన ముందువైపున్నదాన్ని తీసేశారు. అది అక్కడుంటే ముందు నుంచి వచ్చే చల్లగాలిని వేడి దగ్గరికి చేరకుండానే పైకి లాగేస్తుంది. అది పోయిన చోట చిల్లులను మూయడానికి దళసరి అట్ట కావలసి వచ్చింది. ఒక శుభలేఖ దొరికింది. వధూవరుల పేర్లు లోపలివైపుకు పెట్టి అతికించారు.

లోపలికి వచ్చే గాలి బయటికి పోయే గాలి కన్నా కొంచెం ఎక్కువ ఉండాలన్నది ఇందులోని కిటుకు. ఆ మిగులు గాలి సందుల్లోంచి, చిల్లుల్లోంచి తోసుకుని బయటికి పోతుంది. సందులోంచి గాలి బయటికి వస్తున్నంతసేపూ దుమ్ము ఆ సందులోంచి లోపలికి రాలేదు. వచ్చే దారి ముందువైపు ఒక్కటే కాబట్టి జల్లెడ అక్కడొక్కచోట కడితే చాలు. తమ్ముడు ఇదంతా చేతులు తిప్పుతూ చెబుతుంటే ఆమె మధ్యలో, "గాలి ఒక వైపు నుంచే రావాలి, అంతేగా. నాన్న చేట ఎత్తేముందు కాసిన్ని గింజలు జారవిడిచి గాలి చూసుకునేవాడు కాదూ? నువ్వు ఎదురుగా నిలబడి కళ్ళనిండా పొల్లు కొట్టించుకున్నావు," అంది.

"ఆ ముచ్చట బావగారి ముందు చెప్పాలా?"

"మీ బావగారు ఏమీ అనుకోరు. ఆయన ఎదురుగాలి పేపర్లోనే చూశారు."

జల్లెడ దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. దుకాణంలో దొరికే జాలీ తెప్పిస్తానని అతను, ఎప్పుడో వచ్చేదాని కోసం ఆగనని ఈమె. పాత వాయిల్ చీర ముక్క కట్టింది. అగరొత్తి పెట్టి చూస్తే పొగ కదలలేదు. గాలే పోవడం లేదు. కిటికీకి కొట్టే దోమల జాలీ పెట్టి చూశారు. గాలి పోయింది, దాంతోపాటు అన్నీ పోయేట్టున్నాయి. చివరకు మంచానికి కట్టే దోమతెర, చిరిగితే దాచిపెట్టినది, బీరువా అడుగు నుంచి వచ్చింది. దాన్ని రెండు మడతలు వేసి సాగదీసి కడితే పొగ సన్నగా లోపలికి పాకింది. మైదా జల్లించిన చేయి కదా, ఆమె తెరను వేలితో నొక్కి చూసి చాలు అంది. క్యాబినెట్‌ను నేల మీంచి లేపి పీట మీద పెట్టారు. గోడకు జానెడు ఎడంగా జరిపారు. పైన అల్లిక గుడ్డ వేయవద్దని తమ్ముడు నా చేత కూడా మాట తీసుకున్నాడు. ఆ గుడ్డ ఇప్పుడు ప్రింటరు మీద ఉంది.

మర్నాడు పొద్దున యంత్రం ఆగలేదు. ఆ మర్నాడూ ఆగలేదు. లోపలి వేడి తెర మీద అంకెల్లో కనబడే ఏర్పాటు చేసి వెళ్ళాడతను. ఆ అంకె లేచేది, కాసేపటికి దిగేది. గాజు వెనక నూగు కనబడలేదు.

అయినా ఆమె గదిలోంచి సంతోషంగా రాలేదు. హెడ్‌ఫోన్లు నా చెవికి పెట్టి వినమంది. నాకు పాట వినిపించింది. ఇంకేమీ వినిపించలేదు.

"ఫ్యాన్లు కొట్టుకుంటున్నాయండీ," అంది.

తమ్ముడు వచ్చాక అతని చెవికీ పెట్టింది. ఒక ఫ్యాను కాస్త వేగంగా, ఇంకొకటి కాస్త నెమ్మదిగా తిరిగితే రెండు మోతలూ కలవక వూం... వూం... అని అలలా ఊగుతాయి. శ్రుతి కలవని రెండు తంబురాలు పక్కపక్కన పెట్టినట్టు ఉంది అంది. అదొక్కటే కాదు. వేడెక్కేకొద్దీ ఫ్యాన్ల వేగం దానంతటదే పెరుగుతుంది. "నేను చరణంలోకి వచ్చేసరికి ఇది పైకి జారుతోంది. నన్ను కూడా లాక్కుపోతోందిరా."

అతను తెర మీద ఏవో గీతలు జరిపి ఫ్యాన్లన్నిటినీ ఒకే వేగంలో నిలిపాడు. ఊగడం ఆగింది. సన్నటి, కదలని మోత ఒకటి మిగిలింది. ఆమె కళ్ళు మూసుకుని విని, "ఐదు," అంది.

"ఏది ఐదు?"

"ఇది ఐదు శ్రుతిలో మోగుతోంది. నాది ఐదున్నర."

పాడేవాళ్ళు హార్మోనియం మెట్లను బట్టి తమ గొంతుకు కుదిరే చోటును ఐదు, ఐదున్నర, ఆరు అని చెబుతారు. ఐదుకూ ఐదున్నరకూ మధ్య ఒక్క మెట్టే తేడా. దూరంగా ఉన్న స్వరం పక్కన మోగితే బాధ లేదట. పక్క మెట్టు మోగితే పన్ను గుంజినట్టు ఉంటుందట. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆమె గొంతులో నేను విన్న ఒకే ఒక శ్రుతి ఐదున్నర. 

"తగ్గించమంటావా అక్కా?"

"తగ్గిస్తే వేడెక్కుతుందన్నావుగా. పెంచు. అర శ్రుతి పెంచు."

"ఇది ఫ్యానక్కా. హార్మోనియం కాదు."

"మోగేదేదైనా శ్రుతిలో మోగొచ్చు. పెంచరా."

ఫోనులో శ్రుతిపెట్టె పెట్టుకుని ఆమె కళ్ళు మూసుకుంది. చూపుడువేలు పైకెత్తింది. అతను తెర మీద గీతను చీమ పాకినంత మెల్లగా జరిపాడు.

"ఇంకాస్త. ఇంకాస్త. ఎక్కువైంది, దించు. కాస్త. ఆఁ, అక్కడ. అక్కడుంచు."

ఫ్యాన్ల మోత శ్రుతిపెట్టెలోకి వెళ్ళిపోయింది. ఉందని తెలిసి వింటే ఉంది, లేకపోతే లేదు.

"బావగారూ, షాపులో ఈ మాట చెబితే నాకు పిచ్చెక్కిందంటారు," అన్నాడతను. "చెప్పకు," అన్నాను.

ఆ తర్వాత పని సాఫీగా సాగింది. పొద్దున్నే కిటికీ మూసేది, ఫ్యాను ఆపేది, పాడేది. సాంబ్రాణి మాత్రం హాల్లోకి మారింది. గదిలోంచి చెమటతో తడిసి బయటికి వచ్చి, ఏది పూర్తయిందో చెప్పేది కాదు. ముఖం చూస్తే తెలిసేది. ఆదివారం పూట దోమతెర ముక్క విప్పి సబ్బునీళ్ళలో జాడించి బాల్కనీలో ఆరేసేది. నీళ్ళు నల్లగా దిగేవి. "లోపలికి పోవాల్సిందంతా ఇక్కడే ఆగింది చూడండి," అని ఒకసారి బకెట్టు చూపించింది.

ఆసుపత్రిలో చేరే రోజుకు ముందు పొద్దున చివరి దరువు పాడింది. అది పైస్థాయిలో చాలాసేపు తిరిగే పాట. నేను తలుపు బయట ఉన్నాను. ఎక్కడా ఆగలేదు. ఆమె గానీ, యంత్రం గానీ. బయటికి వచ్చి, "అయిపోయాయి," అంది. ఆ రోజు ఆదివారం కాకపోయినా దోమతెర ఉతికి ఆరేసింది.

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరుగారు అన్నట్టే మాటకు ఇబ్బంది రాలేదు. మొదట గుసగుసగా, తర్వాత బొంగురుగా, తర్వాత మామూలుగా వచ్చింది. పాట సంగతి ఎవరూ ఎత్తలేదు. పెన్‌డ్రైవ్ కూచిపూడికి వెళ్ళింది. పెద్దావిడ ఫోను చేసింది. ఆవిడకు వినికిడి కొంచెం తగ్గి గట్టిగా మాట్లాడటంతో స్పీకరు పెట్టకపోయినా నాకు వినబడింది.

"పిల్లలు నీ పాటకే ఆడుతున్నారే అమ్మాయ్. బాగుంది. ఒకటే లోపం."

"ఏమిటండీ?"

"పిల్ల తడబడితే నువ్వు ఆగేదానివి. ఇది ఆగదు."

ఆమె నవ్వింది. ఫోను పెట్టేశాక చాలాసేపు దాన్ని ఒళ్ళోనే ఉంచుకుంది.

వానాకాలం వెళ్ళింది. కార్తీకంలో ఒక పొద్దున చిన్న గదిలోంచి శ్రుతిపెట్టె వినిపించింది. దాని పక్కన ఆమె గొంతు, పాటలా కాదు, స్వరం పట్టి నిలబెట్టడం, వదలడం. ఒక చోట పైకి వెళ్ళబోయి ఆగింది. మళ్ళీ వెళ్ళబోయి ఆగింది. తర్వాత శ్రుతిపెట్టె మోత మారింది. నాకు సంగీతం తెలియదు. మారిందని మాత్రం తెలిసింది. ఆ రోజు నుంచి అదే మోత.

చలి మొదలయ్యాక తమ్ముడు కంప్యూటరు శుభ్రం చేయడానికి బ్లోయరు పట్టుకుని వచ్చాడు. గాజు తీసి చూసి, బ్లోయరు పక్కన పెట్టేశాడు. రెక్కల మీద వేలితో రాస్తే కాస్త పొడి అంటింది, అంతే.

"అక్కా, మనుషులు కూడా లోపల ఇంత శుభ్రంగా ఉండరు."

"కాఫీ తాగుతావా?"

"తాగుతాను."

కాఫీ తెచ్చి అతని చేతికిచ్చి, ఆమె బల్ల ముందు కూర్చుంది.

"ఒరేయ్, దీన్ని కాస్త దించు."

"దేన్ని?"

"ఫ్యాన్లను."

"బాగానే ఉన్నాయిగా. అప్పుడు నువ్వే కదా..." అని అతను నా వైపు చూశాడు. నేను తెర వైపు చూశాను.

"దించు," అంది ఆమె.

అతను కాఫీ కింద పెట్టి, తెర మీద గీతను పట్టుకున్నాడు. ఆమె ఫోనులో శ్రుతిపెట్టె పెట్టి కళ్ళు మూసుకుంది. చూపుడువేలు పైకెత్తింది. గీత మెల్లగా వెనక్కి జరిగింది.

"ఇంకాస్త. ఇంకాస్త. అక్కడ."

"ఐదు," అన్నాడు అతను. మొన్నటి వేసవిలో నేర్చుకున్నాడు.

"ఐదే."

కాసేపు ముగ్గురం ఆ మోత విన్నాం. మెత్తగా ఉంది. ఎక్కడా ఊగడం లేదు.

"గాలి తగ్గుద్దక్కా. ఇప్పుడంటే చలి. ఎండలొచ్చాక ఇది మళ్ళీ వేడెక్కితే?"

"ఎండలొచ్చాక చూద్దాంలే. పిల్లలకి ఒక దరువు మళ్ళీ పాడి పంపాలి, మధ్యలో ఆగుతూ. నువ్వు జరుగు."

అతను లేచాడు. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని కిటికీ మూసింది. మేమిద్దరం బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాం. లోపల పైఫ్యాను స్విచ్చి ఆపిన చప్పుడు వినిపించింది.